సోహా ఎవరి పేరు? హార్లెమ్ పేరుమార్పు సమర్థకులకు ఒక ఖండన

న్యూయార్క్ నగరంలో మాన్‌హాటన్ ద్వీపపు ఉత్తర భాగాన ఉన్న హార్లెమ్‌లో, 110వ వీధికీ 125వ వీధికీ నడుమనున్న పేటను స్థిరాస్తి దళారులు చాలాకాలంగా ‘సోహా’ అని పిలుస్తూ వచ్చారు. సౌత్ హార్లెమ్ అన్న రెండు మాటల ముందక్షరాలను అతికించి చేసిన ఈ పొట్టిపేరు 2017లో ఒక పెద్ద స్థిరాస్తి సంస్థ ప్రచారంలోకి ఎక్కినప్పుడు నివాసులు వీధిలోకి వచ్చి నిరసన తెలిపారు. పేటలకు ఇష్టానుసారం పేర్లు తగిలించి అమ్మకాలు సాగించే దళారులకు జరిమానా విధించాలంటూ రాష్ట్ర సెనేట్ సభ్యుడు బ్రయన్ బెంజమిన్ ఒక బిల్లును ప్రతిపాదించాడు. ఆ బిల్లు చట్టం కాలేదు. గొడవ చల్లారిన తరువాత చదువరులలోను, పత్రికలలోను, నగర విధానాల గురించి మాట్లాడేవారిలోను స్థిరపడిన అభిప్రాయం నిరసనకారులకు అనుకూలంగా లేదు. నగరాలలో పేటల పేర్లు ఎప్పుడూ మారుతూనే వచ్చాయనీ, పేరు ఒక చీటీ మాత్రమే కనుక దానివల్ల ఎవరి ఇల్లూ పోదనీ, అద్దెలను నడిపేది గిరాకీ సరఫరాలే కనుక పేరు మీద పోరాటం గతం మీది మమకారమే తప్ప ఆర్థిక వివేకం కాదనీ ఆ అభిప్రాయం చెబుతుంది. చరిత్ర తెలిసిన గొంతుతో పలికే ఈ వాదాన్ని కాస్త లోతుగా పరిశీలిస్తే, అది తాను సాక్షిగా పిలుచుకునే చరిత్రకే ఎదురు నిలుస్తుందని తేలుతుంది.

ముందుగా రెండు మాటల అర్థం స్పష్టం కావాలి. ఒక సరుకు మీద జనానికి ఉన్న పాత భావాన్ని చెరిపి, కొత్త పేరుతో, కొత్త రూపంతో, వేరే రకం కొనుగోలుదారుల ముందుకు తీసుకుపోవడాన్ని వాణిజ్యంలో రీబ్రాండింగ్ అంటారు. సబ్బుకూ బ్యాంకుకూ జరిగే ఈ పనిని మనుషులు కాపురముంటున్న పేటకు జరిపినప్పుడు, సరుకుగా మారేది ఆ పేటే. రెండవది జెంట్రిఫికేషన్. సామాజిక శాస్త్రవేత్త రూత్ గ్లాస్ 1964లో లండన్ కార్మికవాడలను వర్ణిస్తూ వాడిన ఈ మాట, మధ్యతరగతివారు పేదల పేటలోకి వచ్చి పాత ఇళ్లను కొని బాగుచేసుకోగా, ధరలూ అద్దెలూ పెరిగి, అంతకుముందున్నవారు ఒక్కొక్కరే తొలగిపోయి, పేట సామాజిక స్వభావమే మారిపోయే క్రమాన్ని సూచిస్తుంది. సోహా వివాదం ఈ రెండూ కలిసే చోట పుట్టింది.

పేర్లు మారడం సహజమనేవారి చేతిలో ఉన్న బలమైన సాక్ష్యం హార్లెమ్ అన్న పేరే. 1658లో డచ్చి పాలకుడు పీటర్ స్టైవెసంట్ హయాంలో స్థాపితమైన ఆ ఊరికి హాలండులోని హార్లెమ్ నగరం పేరు పెట్టారు. అంతకుముందు ఆ నేల లెనపే ఆదివాసులది. కనుక నల్లజాతివారికి ఆ పేరు మీద జన్మహక్కు ఏమీ లేదనీ, డచ్చివారి పేరును నల్లవారు తమదిగా చేసుకున్నట్టే ఇప్పుడు వచ్చేవారు తమకు నచ్చిన పేరు పెట్టుకోవచ్చుననీ వాదిస్తారు. అయితే ఇదే చరిత్రలో ఈ వాదులు దాటవేసే ఘట్టం ఒకటుంది. డచ్చివారి నుంచి ఆ భూభాగాన్ని స్వాధీనం చేసుకున్న ఇంగ్లీషువారి గవర్నర్ రిచర్డ్ నికల్స్ 1666లో జారీ చేసిన పత్రంలో ఆ ఊరిని ఇకమీదట లాంకాస్టర్ అని పిలవాలని శాసించాడు. ఏలినవాడి ముద్ర ఉన్న ఆ పేరును ఊరివాళ్లు నోట పలకలేదు; కొద్దికాలానికే అది కాగితాలలోంచి కూడా జారిపోయింది. మూడున్నర శతాబ్దాలకు పైగా హార్లెమ్ అన్న పేరు నిలిచింది పైనుంచి దిగిన పేరును అక్కడున్నవారు తిరస్కరించడం వల్ల. ఆ పేరును తరువాత నల్లవారు తమదిగా చేసుకున్నప్పుడు దానిని మార్చలేదు, వచ్చిన ఊరి పేరునే ఉంచుకుని అందులో తమ జీవితాన్ని నింపారు. 1920ల సాహిత్య కళా ఉద్యమానికి హార్లెమ్ రినైసాన్స్ అన్న పేరు వచ్చింది ఆ క్రమంలోనే. ఉన్న పేరులోకి వచ్చి చేరడాన్నీ, ఉన్న పేరును తీసివేయడాన్నీ ఒకే గాటన కట్టడం చరిత్ర తెలియకపోవడం వల్ల జరిగే పని కాదు, దానిని సగమే చెప్పడం వల్ల జరిగే పని.

న్యూయార్కులో పుట్టిన కొత్త పేర్లు ఎన్నో ఉన్న మాట నిజం. హౌస్టన్ వీధికి దక్షిణాన ఖాళీ అవుతున్న కర్మాగారాలలో 1960లలో చిత్రకారులు చట్టవిరుద్ధంగా కాపురముంటూ, తమను వెళ్లగొట్టకుండా నగర పాలనతో పోరాడే క్రమంలో ‘సోహో’ అన్న పేరు స్థిరపడింది. 1971లో నగరం ఆ భవనాలలో కళాకారుల నివాసాన్ని చట్టబద్ధం చేసింది. లోయర్ ఈస్ట్ సైడ్‌లోని పోర్టోరికన్లు ఆ పేరును స్పానిష్ ఉచ్చారణలో పలికినప్పుడు వినిపించే ‘లోయిసైడా’ 1970లలో కవుల నోట, ఉద్యమకారుల గోడల మీద నిలిచి, 1987 నాటికి అవెన్యూ సి అన్న వీధికి అధికారికంగా రెండవ పేరయింది. బ్రూక్లిన్‌లో మాన్‌హాటన్ వంతెన నీడన ఉన్న గోదాముల పేటకు ‘డంబో’ అన్న పేరు 1978లో అక్కడి కళాకారులు పెట్టుకున్నదే. ఇంత వికారంగా ధ్వనించే పేరున్న చోటికి బిల్డర్లు రారన్నది వారి ఆశ అని చెబుతారు. అది ఫలించలేదు, ఇప్పుడు నగరంలో అత్యంత ఖరీదైన పేటలలో డంబో ఒకటి. ఈ పేర్లన్నీ కొత్తవే, కానీ వీటిని పెట్టినవారు ఆ చోటనే ఉంటూ, తాము ఉండడం కోసమే పెట్టుకున్నారు. వీటి పక్కన ‘ప్రోక్రో’ను నిలిపి చూడాలి. బ్రూక్లిన్‌లోని ప్రాస్పెక్ట్ హైట్స్, క్రౌన్ హైట్స్ పేటల సరిహద్దుకు దళారులు ప్రచారం చేసిన ఈ పేరు మీద మండిపడి, అప్పట్లో రాష్ట్ర శాసనసభ సభ్యుడైన హకీమ్ జెఫ్రీస్ 2011లోనే ఇలాంటి పేర్లను కట్టడి చేసే బిల్లు తెచ్చాడు. ఆ పేటలో పుట్టి పెరిగిన ఏ పిల్లవాడూ తాను ప్రోక్రో వాడినని చెప్పుకోలేదు. ఆ పేరు చెప్పేది అక్కడున్నవారితో కాదు, అక్కడికి ఇంకా రానివారితో. సోహా కూడా అంతే. పైగా అది సోహో అన్న పేరులోని ధరను, తళుకును అరువు తెచ్చుకునేట్టుగా కూర్చిన శబ్దం.

ఈ గీత ఎప్పుడూ ఇంత స్పష్టంగా ఉండదని అంగీకరించాలి. బ్రూక్లిన్‌లో బోరమ్ హిల్ అన్న పేరును 1960లలో పునరుద్ధరించినవారు అక్కడి నివాసులే, అయితే వారు పాత రాతి ఇళ్లను చౌకగా కొనుక్కుని కొత్తగా వచ్చి చేరిన మధ్యతరగతివారు. ఆ పేరును వారు చుట్టుపక్కల ఉన్న పేద పోర్టోరికన్, నల్లజాతి కుటుంబాలను అడిగి పెట్టలేదు. అంటే నివాసులు పెట్టిన పేరు కావడం ఒక్కటే దానికి న్యాయం చేకూర్చదు. ఏ పేరు ఎవరిని సంబోధిస్తుంది, ఎవరిని సంబోధించకుండా వదిలేస్తుంది అన్న ప్రశ్నే అసలైన గీటురాయి, ఆ గీటురాయి మీద బోరమ్ హిల్ కూడా పూర్తిగా గట్టెక్కదు. మార్పు సహజమనే వాదానికి ఈ ప్రశ్న అడగవలసిన అవసరమే కనబడదు, ఎందుకంటే దాని దృష్టిలో పేర్లు వాతావరణంలా వాటంతట అవే మారతాయి.

పేరు ఒక చీటీ మాత్రమేనన్న రెండవ వాదం మరింత బలహీనమైనది. అది నిజమే అయితే దానిని అతికించడానికి ఎవరూ డబ్బు ఖర్చు చేయరు. కానీ ఇంతటితో ఆపడం సులువైన గెలుపు అవుతుంది, అసలు విషయం ఇంకా లోతున ఉంది: హార్లెమ్ అన్న పేరు కొనుగోలుదారులను భయపెట్టే పేరుగా ఎలా తయారైంది, తయారు చేసిందెవరు అన్నది.

ఉపనగరంగా ఉన్న హార్లెమ్ 1873లో న్యూయార్కు నగరంలో కలిసింది. ఎత్తు రైలు మార్గాలు రావడంతో తెల్లజాతి సంపన్నుల కోసం ఇళ్లు వరుసగా లేచాయి. లెనాక్స్ అవెన్యూకు భూగర్భ రైలు వస్తోందన్న ఆశతో సట్టా వ్యాపారులు అవసరానికి మించి కట్టేసి, 1904, 1905 ప్రాంతంలో బేరాలు కుప్పకూలి, ఖాళీ ఇళ్లతో మిగిలారు. ఆ ఖాళీలను నల్లజాతి అద్దెదారులతో నింపే వ్యాపారాన్ని ఫిలిప్ పేటన్ అనే నల్లజాతి వ్యాపారి 1904లో ఆఫ్రో-అమెరికన్ రియల్టీ కంపెనీ పేరుతో వ్యవస్థీకరించాడు. నల్లవారికి అద్దెకివ్వరాదని తెల్ల యజమానులు ఒడంబడికలు రాసుకున్నారు, అయినా అవి నిలవలేదు. నల్లవారి వద్ద అదే గదికి ఎక్కువ అద్దె రాబట్టవచ్చన్న లెక్క ఒడంబడికను గెలిచింది. ఇక 1930లలో గృహరుణాల కోసం కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన సంస్థ నగరాల పటాలను తయారు చేసి, రుణానికి ప్రమాదకరమని భావించిన పేటలకు ఎర్ర రంగు పూసింది. ఎర్రగీత, అనగా రెడ్‌లైనింగ్ అని తరువాత ప్రసిద్ధమైన ఈ వర్గీకరణలో హార్లెమ్ ఎరుపులో పడింది. ఆ పటాలే తదనంతర వివక్షకు మూలమా, అంతకుముందే ఉన్న వివక్షకు అవి అద్దమా అన్నదాని మీద చరిత్రకారులలో వాదం ఉన్నా, ఆ రంగు ఉన్నచోట ఇల్లు కొనడానికో బాగుచేయడానికో మామూలు వడ్డీకి అప్పు పుట్టడం దుర్లభమైందన్నదాని మీద పెద్దగా వాదం లేదు. అప్పు లేని చోట కప్పు కారుతుంది. 1970లలో యజమానులు పన్ను కట్టడం మాని భవనాలను వదిలిపోయారు, కొందరు బీమా డబ్బు కోసం తగలబెట్టారు, ఆ దశాబ్దంలో మధ్య హార్లెమ్ జనాభా దాదాపు మూడోవంతు తగ్గిపోయింది, పన్ను బకాయి కింద భవనాలలో పెద్ద భాగం నగర పాలన చేతికే వచ్చింది.

హార్లెమ్ అన్న మాటకు భయం అంటుకున్న తీరు ఇది. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న తెలుగు సామెతను ఇక్కడ తిరగేసి చదవాలి: ముందు అప్పు ఆపి, మరమ్మతు ఆపి ఊరిని దిబ్బ చేసి, తరువాత ఆ దిబ్బ మీదికి గొప్ప పేరు తెచ్చి పెట్టడం ఇక్కడి విద్య. పాత పేరు మీద మచ్చ వేసిన వ్యవస్థ, ఆ మచ్చ లేని పేరును అమ్మే వ్యవస్థ ఒక్కటే కాకపోయినా, రెండింటి వృత్తీ ఒకటే, అది పేటకు వెల కట్టడం. మచ్చ ఉన్నంతకాలం దాని ఖరీదును చెల్లించినవారు అధిక అద్దె కట్టినవారు, రుణం దొరకనివారు, వేడినీళ్లు రాని ఇళ్లలో చలికాలాలు గడిపినవారు. మచ్చ తొలగించిన లాభం మాత్రం, పేరు మారింది కనుక, ఆ చరిత్రతో సంబంధం లేని కొత్త ఖాతాలో పడుతుంది. సోహా చేసే అసలు పని ఇదే. నేలను దాని చరిత్ర నుంచి విడదీసి, గతపు నష్టానికీ రాబోయే లాభానికీ ఏ లంకే లేనట్టు చూపిస్తుంది.

భూగోళ శాస్త్రవేత్త నీల్ స్మిత్ 1979లో ప్రతిపాదించిన ‘అద్దె అంతరం’ అన్న భావన ఇక్కడ పనికివస్తుంది. ఒక నేల మీద ప్రస్తుతం వస్తున్న రాబడికీ, అదే నేలను దానికి తగిన అత్యుత్తమ ఉపయోగానికి పెడితే రాగల రాబడికీ మధ్యనున్న తేడాను ఆయన అలా పిలిచాడు. పెట్టుబడి ఉపసంహరణ వల్ల మొదటి అంకె పడిపోయినకొద్దీ అంతరం పెరుగుతుంది, అది చాలినంత పెరిగినప్పుడు పెట్టుబడి తిరిగి వస్తుంది. స్మిత్ తన సహరచయితతో కలిసి 1980లలోనే హార్లెమ్‌ను ఈ కోణంలో పరిశీలించాడు. ఈ లెక్కలో పేరు పాత్ర అలంకారం కాదు. నగరం తన చేతిలో ఉన్న భవనాలను అమ్మడం, 1994లో కేంద్ర చట్టం కింద ఏర్పడిన ఎగువ మాన్‌హాటన్ ఎంపవర్‌మెంట్ జోన్‌కు కేంద్రం, రాష్ట్రం, నగరం కలిసి 30 కోట్ల డాలర్లు కేటాయించడం, 2008లో 125వ వీధిలో ఎత్తైన కట్టడాలకు వీలుగా జోనింగ్ నియమాలను మార్చడం, 2017 జూలైలో అదే వీధిలో హోల్ ఫుడ్స్ అన్న ఖరీదైన కిరాణా దుకాణం తెరుచుకోవడం, ఇవన్నీ రాగల రాబడిని పెంచే పనులు. ఇంత జరిగాక కూడా కొనుగోలుదారుడి మనసులో పాత అంకె మిగిలి ఉంటే, దానిని చెరిపివేసే చివరి చిన్న పనిని పేరు చేస్తుంది. అది చవకైన పని, అందుకే దళారి దానిని వెనకాడకుండా చేపడతాడు.

ఆ పని ఎవరికి నష్టమో 2017 నాటి న్యూయార్క్ అద్దె చట్టం చూస్తే తెలుస్తుంది. నగరంలో లక్షల ఇళ్లకు అద్దె స్థిరీకరణ వర్తిస్తుంది, అనగా ఏటా అద్దె ఎంత పెంచవచ్చో ఒక మండలి నిర్ణయిస్తుంది. కానీ 1997 నుంచి అమలులో ఉన్న నియమం ప్రకారం పాత అద్దెదారు ఖాళీ చేస్తే కొత్తవారి అద్దెను ఇరవై శాతం దాకా ఒక్కసారిగా పెంచే వీలు యజమానికి ఉండేది, నెల అద్దె 2,700 డాలర్ల స్థాయిని దాటిన ఇల్లు ఖాళీ అయితే స్థిరీకరణ నుంచే బయటపడేది. పాతవారు ఉన్నంతకాలం స్వల్పమైన రాబడి, వారు పోతే భారీ రాబడి అన్న ఈ అమరికలో, ఆ మెట్టును ఎక్కగల కొత్త అద్దెదారును తెచ్చిపెట్టే ప్రతి సాధనమూ పాత అద్దెదారును కదిలించే సాధనమే అవుతుంది. 2019 జూన్‌లో రాష్ట్రం ఈ రెండు నియమాలనూ రద్దు చేసింది. పేరుకూ అద్దెకూ సంబంధం లేదనేవారు, ఆ రెండింటినీ కలిపిన చట్టం ఇరవై రెండేళ్లు అమలులో ఉన్న సంగతిని తమ లెక్కలో చేర్చుకోవాలి.

ఎదుటి పక్షం చేతిలో మరొక గట్టి వాదం ఉంది, దానిని తేలిగ్గా తోసివేయడం తగదు. లాన్స్ ఫ్రీమన్, ఫ్రాంక్ బ్రకోనీ 2004లో ప్రచురించిన అధ్యయనంలో, న్యూయార్కులో జెంట్రిఫికేషన్ జరుగుతున్న పేటలలోని పేద కుటుంబాలు ఇతర చోట్ల పేద కుటుంబాలకన్నా తక్కువగా ఇల్లు మారుతున్నాయని తేలింది. పేట బాగుపడుతున్నప్పుడు కదలకుండా ఉండాలనే అనుకుంటారన్నది వారి వివరణ. దీని ఆధారంగా, పాతవారిని ఎవరూ వెళ్లగొట్టడం లేదనీ, పేరు మీద ఆందోళన లేని దెయ్యాన్ని చూసి అరవడమనీ అంటారు. ఈ అధ్యయనానికి క్యాథీ న్యూమన్, ఎల్విన్ వైలీ 2006లో ఇచ్చిన జవాబు, వెళ్లిపోయినవారిని కొలవడం ఎంత కష్టమో, ఉండిపోయినవారు ఎంతటి ఆర్థిక భారంతో, ఎన్ని కుటుంబాలు ఒక ఇంట్లో ఇరుక్కుని ఉండిపోతున్నారో చూపింది. దానికి తోడు, ఒక పేట స్వభావం మారడానికి ఎవరినీ వెళ్లగొట్టనక్కరలేదు; మామూలుగా ఖాళీ అయ్యే ఇళ్లలోకి మునుపటి స్థాయి ఆదాయం ఉన్నవారు ప్రవేశించలేకపోతే చాలు, పదేళ్లలో ఆ వీధిలో మనుషులు మారిపోతారు. ఫ్రీమన్ తానే 2006లో హార్లెమ్, క్లింటన్ హిల్ నివాసులతో మాట్లాడి రాసిన పుస్తకంలో, దుకాణాలు, భద్రత మెరుగైనందుకు వారు సంతోషిస్తూనే, ఈ సౌకర్యాలు తమ కోసం కాదు, రాబోయే తెల్లవారి కోసమని అనుమానిస్తున్నారని నమోదు చేశాడు. ఆ అనుమానానికి తిరుగులేని రుజువు సోహా అన్న పేరే. అంతకాలం చెత్త ఎత్తని ఊరు హార్లెమ్, ఎత్తడం మొదలుపెట్టాక అదే సోహా అయితే, అక్కడివారు ఎవరి కోసం ఎత్తుతున్నారని అడగడంలో భావావేశం ఏముంది?

పేర్లను జనం వాడుకే నిర్ణయిస్తుందన్న మాట ఒకప్పుడు ఎంత నిజమో గాని, ఇప్పుడు అంత నిజం కాదు. లాంకాస్టర్‌ను తిరస్కరించినప్పుడు హార్లెమ్ వాసుల నోరే పటం. ఇప్పుడు పటం ఒక సంస్థ చేతిలో ఉంది. శాన్ ఫ్రాన్సిస్కోలో రింకన్ హిల్ పరిసరాల స్థిరాస్తి యజమానుల జిల్లా సంఘం బ్రాండింగ్ నిపుణులతో తయారు చేయించుకున్న ‘ఈస్ట్ కట్’ అన్న పేరు 2018 నాటికి గూగుల్ మ్యాప్స్‌లోకి ఎక్కి, అక్కడి నుంచి టాక్సీ యాప్‌లకూ అద్దె ప్రకటనలకూ పాకింది. డెట్రాయిట్‌లో ‘ఫిస్క్‌హార్న్’ అన్న పేట అదే పటంలో అక్షరదోషంతో ‘ఫిష్‌కార్న్’ అయి, ఆ తప్పు పేరే ప్రకటనలలో తిరిగింది. నివాసులు పలికి పలికి నిలబెట్టే పేరుకు తరాలు పడితే, పటంలో వేసే పేరుకు ఒక్క సవరణ చాలు. ఈ అసమానతను చూస్తూ కూడా వాడుకే తీర్పు చెబుతుందనడం ఒక్కరి చేతిలో మాత్రమే తూకపు రాళ్లున్న సంతలో బేరం న్యాయంగా జరుగుతోందనడం లాంటిది.

తెలుగు పాఠకులకు ఇది దూరపు కథ కాదు, అయినా పోలికను జాగ్రత్తగా చేయాలి. మాదాపూర్‌లో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనది మొదలు హైదరాబాదు పడమటి అంచున హైటెక్ సిటీ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వంటి పేర్లు వరుసగా వచ్చాయి. కోకాపేట దగ్గర ప్రభుత్వ అభివృద్ధి సంస్థ వేసిన ‘నియోపోలిస్’ లేఅవుట్‌లో 2023 ఆగస్టు వేలంలో ఎకరం ధర వంద కోట్ల రూపాయలు దాటింది. అక్కడ పేరు పెట్టింది దళారి కాదు, ప్రభుత్వమే. కోకాపేట అన్న పేరుకు హార్లెమ్‌కున్నట్టు చెరపవలసిన మచ్చ ఏదీ లేదు, నియోపోలిస్ పేరు పుట్టింది వేలం బరిలోనే. అందుచేత ఈ రెండు ఉదంతాలూ ఒకటే అనడం సరికాదు. అయితే పేరు ఎవరిని ఉద్దేశించి పెట్టారన్న ప్రశ్న మాత్రం అక్కడా ఇక్కడా ఒక్కటే. దానికి జవాబు కోకాపేట గ్రామస్థులని ఎవరూ అనరు.

ఇంతవరకు చెప్పినది నిరసనకారుల వాదాన్ని యథాతథంగా సమర్థించడం కాదు. వారిలో ఒక భాగం హార్లెమ్ అన్న పేరును పవిత్రమైన వారసత్వంగా, దానిని కాపాడితే మనుషులూ కాపాడబడతారన్నట్టుగా మాట్లాడుతుంది. ఈ నమ్మకానికి ఆధారం లేదు. సామాజిక శాస్త్రవేత్త డెరెక్ హైరా వాషింగ్టన్‌లోని షా, యు స్ట్రీట్ పరిసరాలను పరిశీలించి, నల్లజాతి చరిత్రనే ఆకర్షణగా చేసి, జాజ్ పేర్లనూ కవుల పేర్లనూ ఖరీదైన అపార్టుమెంట్లకు పెట్టి అమ్మే తీరును ‘బ్లాక్ బ్రాండింగ్’ అన్నాడు. హార్లెమ్‌లో కూడా పాత పేరు తళుకుతో అమ్ముడవుతున్న భవనాలు కొత్త పేర్లతో అమ్ముడవుతున్నవాటికన్నా తక్కువేమీ కాదు. 125వ వీధిలో పెద్దపెద్ద గొలుసు దుకాణాలు తమ బోర్డుల మీద హార్లెమ్ పేరును గర్వంగా రాసుకుంటాయి. 2010 నాటికే తూర్పు పడమర నదుల మధ్యనున్న విశాల హార్లెమ్‌లో నల్లజాతివారు సగానికన్నా తక్కువయ్యారని జనాభా లెక్కల విశ్లేషణలు చూపాయి. అప్పటికి సోహాకు ఇంత ప్రచారం లేదు. కనుక పేరును కాపాడుకోవడం చాలదన్నది నిజం, దాన్నుంచి పేరు మారినా పరవాలేదన్న ముగింపుకు దూకడం మాత్రం తర్కానికి నిలవదు.

మరొక చిక్కు నిరసనకారుల పక్షంలోనే ఉంది. మంచి రోజులూ చెడ్డ రోజులూ చూసి రాతి ఇళ్లను నిలుపుకున్న నల్లజాతి యజమానులు హార్లెమ్‌లో ఉన్నారు. వారికి ధరలు పెరగడం లాభమే. దశాబ్దాలుగా బ్యాంకులు నిరాకరించిన ఆస్తి విలువ చివరికి తమ పిల్లలకు దక్కుతోందని వారు భావిస్తే దానిలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. సోహా సమర్థకులు ఈ యజమానులను తరచు సాక్ష్యంగా నిలబెడతారు. కానీ హార్లెమ్ వాసులలో అత్యధికులు అద్దెకుంటున్నవారే. యజమానికి విలువ పెరగడం ఎంత నిజమో, అద్దెదారుకు అది భారం కావడం అంతే నిజం. అయినా ఇద్దరూ ఒక పేట మనుషులే కనుక, పేరు గురించి జరగవలసిన చర్చలో ఆ విభేదమే ముందుకు రావాలి. దళారి పేరు ఆ చర్చను జరగనివ్వదు. అది ఇద్దరినీ అడగకుండా, ఇద్దరి తరఫునా ప్రకటన ఇచ్చేస్తుంది.

ఇక మిగిలినది చట్టం. పేరు వాడినందుకు జరిమానా విధించడం అమెరికా రాజ్యాంగంలోని వాక్స్వాతంత్ర్యానికి భంగం కలిగిస్తుందనీ, నగర సరిహద్దులలో పేటలకు చట్టబద్ధమైన హద్దులే లేవనీ, అందుచేత జెఫ్రీస్ బిల్లూ బెంజమిన్ బిల్లూ ఆచరణకు పనికిరావనీ సమర్థకులు అంటారు. వ్యాపార ప్రకటనలలో మోసాన్ని నియంత్రించే అధికారం ప్రభుత్వాలకు ఉందన్న సంగతిని వారు మరిచినా, ఆ బిల్లులు బలహీనంగా ఉన్నాయన్న వారి మాటలో కొంత పస ఉంది. కానీ పేరుమార్పును ప్రతిఘటించడం అంటే పేరును నిషేధించడమే అనుకోనక్కరలేదని అదే నగరంలో ఒక పాత ఉదంతం చెబుతుంది. మాన్‌హాటన్ పడమటి తీరాన హెల్స్ కిచెన్ అన్న కార్మికవాడకు, 1959లో ఇద్దరు కుర్రాళ్ల హత్యతో దాని పేరు పత్రికలకెక్కిన తరువాత, గౌరవప్రదంగా ఉండాలని పక్కనే ఉన్న పార్కు పేరు మీద ‘క్లింటన్’ అని నామకరణం చేశారు. జనం ఇప్పటికీ హెల్స్ కిచెన్ అనే అంటారు. అయితే 1974లో నగరం అక్కడ ప్రత్యేక జోనింగ్ జిల్లాను ఏర్పాటు చేసినప్పుడు ఆ కొత్త పేరే కాగితం మీదికి ఎక్కింది. తక్కువ ఎత్తున్న నివాస భవనాలను కూల్చాలన్నా మార్చాలన్నా, లోపలి అద్దెదారులను వేధించలేదని నిరూపించుకుని యజమాని ధ్రువపత్రం తెచ్చుకోవాలన్న నిబంధన ఆ జిల్లా నియమాలలో చేరింది. క్లింటన్ అన్న పేరు వల్ల వారికి రక్షణ రాలేదు, ఆ పేరు కింద అద్దెదారులు పోరాడి చేర్పించుకున్న నిబంధన వల్ల వచ్చింది. హార్లెమ్ దక్షిణ భాగానికి అలాంటి నిబంధన లేకుండానే, 2008లో ఎత్తైన కట్టడాలకు జోనింగ్ తెరుచుకుంది, 2017లో కొత్త పేరు పెద్ద సంస్థ ప్రచారంలోకి ఎక్కింది, 2019 దాకా ఖాళీ అయిన ఇంటికి ఇరవై శాతం బోనసు కొనసాగింది. సోహాను తలుచుకున్నప్పుడల్లా పేర్లు మారడం సహజమని బోధించేవారు ఈ మూడు తేదీలలో ఏది సహజమో చెప్పవలసి ఉంటుంది.